సవరణ: ఆ ఉత్తరాలు జైలువి కావు

నెహ్రూ పదేళ్ల ఇందిరకు భూమి పుట్టుక గురించి రాసిన ఉత్తరాలు జైలు నుంచి వచ్చాయని ఆదివారం పోస్టులో రాశాను. తప్పు నాదే. అవి 1928 వేసవివి. అప్పుడు పాప ముస్సోరీలో, ఆయన కింద మైదానంలో. విశాఖ ద్వారకానగర్ లైబ్రరీలో ఆ ఉత్తరాల సంపుటం తెరిస్తే ముందుమాటలోనే ఉంది, నేనే చూడలేదు.

జైలు ఉత్తరాలు వేరు. మొదటిది 1930 అక్టోబరు 26న, నైనీ జైలు నుంచి, ఆమె పదమూడో పుట్టినరోజుకి రాసింది. పుట్టింది నవంబరు 19న కదా అంటారేమో, ఆయన తిథి ప్రకారం లెక్కేశారు.

ఇంకోటి. ఆ పోస్టు కింద పెట్టింది కొందరు అనుకున్నట్టు నెహ్రూ కుటుంబ ఫొటో కాదు. 1948 మార్చి 14న మన విశాఖ షిప్‌యార్డులో నెహ్రూ 'జల ఉష' ఓడను నీళ్లలోకి దింపినప్పటిది.