దేవుడి సంబంధమైనా కట్నం తప్పలేదు

మనకి కాన్వెంట్ అంటే టై, బెల్టు, టర్ము ఫీజు. అసలు కాన్వెంట్ అంటే సన్యాసినుల మఠం కదండీ, అక్కడ ఫీజులేంటి అని అడిగే అమాయకుల కోసమే ఇది రాస్తున్నా.

మఠంలో చేరిన అమ్మాయి క్రీస్తుకి పెళ్ళికూతురైనట్టే లెక్క. మధ్యయుగం యూరప్‌లో కూతురికి సంబంధాలు వెతికే తండ్రులకి క్రీస్తుని మించిన అల్లుడు లేడు, తాగడు, కొట్టడు, పండక్కి అలిగి కూర్చోడు. కట్నం మాత్రం ఇవ్వాల్సిందే. ఆయన అడిగినట్టు బైబిల్లో ఎక్కడా లేదు, అడిగేది మఠం వాళ్ళు. 1215లో రోమ్‌లో లాటరన్ సభ అని చర్చి పెద్దలంతా కూర్చుని డబ్బు తీసుకుని అమ్మాయిల్ని చేర్చుకోవడం పాపం అని తేల్చేశారు, ఇంకేముంది, దాని పేరు కానుక అయిపోయింది (మనవాళ్ళు లాంఛనాలు అంటారు చూడండి, అలా). ఇటలీలో ఫ్లోరెన్స్‌ నగరంలో అయితే 1425లో ప్రభుత్వమే కట్నాల ఫండు పెట్టింది, పిల్ల చిన్నప్పుడే డబ్బు కట్టేస్తే 15 ఏళ్ళకి పెరిగి చేతికొస్తుంది. కానీ మామూలు పెళ్ళికొడుకు రేటు చుక్కల్లో ఉండేది, మఠం రేటు అందులో కొసరంత. అందుకే ఒక కూతురికి మొగుడు, ఇంకో కూతురికి మోక్షం.

లోపలికెళ్ళాక అందరూ సమానమేగా అంటారా? జర్మనీలో హిల్డెగార్డ్ ఆఫ్ బింగెన్ గారు మహానుభావురాలు, పాటలు కట్టింది, వైద్యం రాసింది, 2012లో చర్చి ఆవిడకి డాక్టర్ (అంటే మహా గురువు) బిరుదు కూడా ఇచ్చింది, చనిపోయిన 833 ఏళ్ళకి, మన యూనివర్సిటీలే నయం. ఆవిడ మఠంలో మాత్రం పెద్దింటి పిల్లలకే సీటు, పండగరోజు తెల్ల పట్టు ముసుగులు, బంగారు కిరీటాలు. అదేంటమ్మా, ప్రభువు చేపలు పట్టుకునే పేదోళ్ళని కదా ఎంచుకున్నాడు అని ఇంకో మఠం పెద్ద టెంక్స్‌విండ్ ఉత్తరం రాస్తే, ఎద్దుల్నీ గాడిదల్నీ గొర్రెల్నీ మేకల్నీ ఒకే కొట్టంలో ఎవరైనా కడతారా అని జవాబు. ఈ ముక్క మన ఊళ్ళలో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదనుకుంటా.

ఇక 1298లో పోప్ ఎనిమిదో బోనిఫేస్ సన్యాసినులెవరూ గడప దాటకూడదని రూల్ పెట్టాడు. 1300లో లింకన్ బిషప్ డాల్డర్బీ ఆ కాగితం పట్టుకుని ఇంగ్లండ్‌లో మార్క్‌యేట్ మఠానికెళ్ళి, చదివి వినిపించి, అర్థమయ్యేలా విడమర్చి చెప్పి బయల్దేరితే, కొందరు సిస్టర్లు గేటు దాకా వెంటపడి మేం పాటించం అంటూ ఆ కాగితాన్ని ఆయన మీదకే విసిరికొట్టారు. చాలా తప్పు, నేను ఖండిస్తున్నా. కాకపోతే విసిరేటప్పుడు కాళ్ళు గేటు లోపలున్నాయా బయటున్నాయా అనేది తేల్చాలి, లోపలుంటే మాత్రం రూల్ పాటించినట్టే.