మా నాన్న చెవి వెనక తిరిగిన చక్రానికి

ప్రియమైన చెవి మిషన్ వాల్యూమ్ చక్రానికి,

నీ ఒంటి మీద ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలుండేవి. వాటిలో మూడో అంకె అరిగిపోయింది. అంటే వినాలనుకున్నప్పుడు నాన్న నిన్ను ఆపే చోటు అదన్నమాట. ఒకటో అంకె అరిగిపోవడానికి మాత్రం అత్తయ్యే కారణం. ఆవిడ గట్టు తగాదా ఎత్తగానే నాన్న చెయ్యి తల సవరించుకుంటున్నట్టు చెవి వెనక్కి వెళ్లేది. బొటనవేలి గోరు నీ అంచు గాట్లలో పడేది. ఆ తర్వాత గంటసేపు ఆయన ముఖంలో బుద్ధుడు కనిపించేవాడు. ‘అన్నయ్యకున్న ఓపిక ఎవరికుందమ్మా’ అనుకుంటూ వెళ్లిపోయేది ఆవిడ. ఆ మంచిపేరులో సగం వాటా నీది.

పోయిన నెల కొత్త మిషన్ కొన్నాం. ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. ఆ డబ్బుకి ఓ పాత స్కూటర్ వచ్చేది, దానికి కనీసం రెండు చక్రాలుండేవి. దీనికి నువ్వొక్కదానివీ లేవు. ‘అంతా ఆటోమేటిక్ సార్, మీరేం ముట్టుకోనక్కర్లేదు’ అన్నాడు అమ్మిన కుర్రాడు. ఆదివారం అత్తయ్య వచ్చింది. నాన్న చెయ్యి అలవాటుగా వెనక్కి వెళ్లి, నున్నటి ప్లాస్టిక్‌ని తడిమి, ఉత్తదే తిరిగొచ్చింది. 60 సెంట్ల భూమి కథని ఆయన మొదటిసారి పూర్తిగా విన్నాడు.

నిన్ను ఎవరు పీకేశారని ఆరా తీస్తే డొంకంతా డెన్మార్క్‌లో కదిలింది. అక్కడ ఒడెన్స్ అనే ఊళ్లో హాన్స్ డెమాంట్ అని, కుట్టుమిషన్లు, సైకిళ్లు అమ్ముకునే ఆయన ఉండేవాడు. భార్య కమిల్లాకి సరిగ్గా వినపడదు. వాళ్ల దేశపు ఆడపడుచు, ఇంగ్లండు రాణి అలెగ్జాండ్రాకీ అదే బాధ. ఆవిడ అమెరికా వాళ్ల బ్యాటరీ మిషన్ పెట్టుకుందని విని, అలాంటిదే భార్యకూ తెప్పించి, 1904లో ఆ వ్యాపారమే మొదలుపెట్టాడు. పెళ్లానికి వినపడితే ఎక్కడ సమాధానం చెప్పాల్సొస్తుందోనని గొంతు తగ్గించే మొగుళ్లున్న లోకంలో, ఈయన కంపెనీయే పెట్టాడు! 1910లో ఆయన పోతే కొడుకు విలియం అందుకున్నాడు. ఓటికాన్ అన్న పేరు తర్వాత వచ్చింది. 1970ల చివరికి ఈ రంగంలో ప్రపంచంలోనే పెద్ద కంపెనీ అదే.

అప్పుడే దానికి చెవుడొచ్చింది. 1983లో అమెరికా అధ్యక్షుడు రీగన్ చెవిలోకి దూరిపోయే బుల్లి మిషన్ పెట్టుకుని జనంలోకి వచ్చాడు. ఇక అందరికీ అదే కావాలి. వీళ్లేమో ‘చెవి వెనక పెట్టుకునేదే మేలు’ అని పాత పాటే పాడారు. కొనేవాళ్లు ఊదిన శంఖం చెవి మిషన్ల కంపెనీకే వినపడలేదు. నష్టాలొచ్చాక 1988లో లార్స్ కోలిండ్ అనే కొత్త అధికారిని తెచ్చారు.

ఆయన 1991లో మకాం ఓ పాత కూల్‌డ్రింకుల ఫ్యాక్టరీకి మార్చి గోడలు తీసేశాడు. హోదాలు తీసేశాడు. ఎవరికీ సొంత బల్ల లేదు. తలా ఓ సొరుగుల బండి, దాన్ని దొర్లించుకుంటూ ఇవాళ ఈ పనికి, రేపు ఆ పనికి. దీనికి స్పాగెట్టి వ్యవస్థ అని పేరు, మన లెక్కలో సేమ్యా అనుకో. వచ్చిన ఉత్తరాల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి ముక్కలు చేస్తే, ఆ ముక్కలు భోజనాల గదిలోంచి వెళ్లే పారదర్శకమైన గొట్టంలో, తింటున్నవాళ్ల కళ్లెదురుగా జలజలా రాలేవి. మన రెవెన్యూ ఆఫీసులో అలాంటి గొట్టం ఒక్కటుంటే, అత్తయ్య ఫైలు ఎటు పోయిందో కళ్లారా చూసుకునేవాళ్లం.

నీకు మూడింది కూడా ఆ ఏడాదే. మల్టీఫోకస్ అని ఓ మిషన్ వదిలారు. చిన్న శబ్దాన్ని పెంచడం, పెద్దదాన్ని అదుపులో పెట్టడం అదే చూసుకుంటుంది, పెట్టుకున్నవాళ్లు తిప్పడానికి ఏమీ ఉండదు. ఆఫీసులో సొరుగులకి చక్రాలు తగిలించి, చెవి దగ్గరి చక్రాన్ని ఊడబీకారు! ఒప్పుకోవాల్సిందే, చాలామందికి అది హాయిగానే ఉంది. కంపెనీ కోలుకుంది, 1995లో షేర్ మార్కెట్‌కీ ఎక్కింది. ఆ మరుసటేడు నుంచి సేమ్యా కొంత గట్టిపడింది, పై అధికారులు మెల్లగా తిరిగొచ్చారు.

నువ్వూ వచ్చావట, ఫోన్‌లో గీతవై. మొన్న అదీ పెట్టించాం. అత్తయ్య గట్టు దగ్గరికి రాగానే నాన్న ఫోన్ తీశాడు, కళ్లజోడు వెతికాడు, వేలితో గీతని కిందికి లాగబోయాడు.

‘సర్వే నంబరు చూస్తున్నావా అన్నయ్యా?’ అని ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

ఇట్లు,
పక్కగదిలోంచి అంతా వింటున్న కొడుకు