క్లీవ్‌లాండ్‌లో ఇంకో త్యాగరాజు

అమెరికాలో క్లీవ్‌లాండ్ అనగానే మనవాళ్ళకి త్యాగరాజ ఆరాధనోత్సవాలు గుర్తొస్తాయి. 1978 నుంచి ఏటా జరుగుతున్నాయి. ఇక్కడి విద్వాంసులు వీసాలు వేయించుకుని మరీ వెళ్తారు. అయితే అదే ఊళ్ళో, ఎరీ సరస్సు ఒడ్డున, ఇంకో త్యాగరాజు ఉన్నాడన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. ఆయనకి ఆరాధనలు తక్కువ, తిట్లు ఎక్కువ. పేరు క్లీవ్‌లాండ్ బ్రౌన్స్. వృత్తి ఫుట్‌బాల్, ప్రవృత్తి దానం.

ఫుట్‌బాల్ అంటే మనం కాలితో తన్నే ఆట కాదు. హెల్మెట్ పెట్టుకుని, బంతి చంకలో ఇరికించుకుని పరిగెత్తే అమెరికా ఆట. ఆ లీగ్ పేరు ఎన్‌ఎఫ్‌ఎల్, జట్లు 32. ఏటా ఏప్రిల్ చివర్లో డ్రాఫ్ట్ అని ఒక తంతు ఉంటుంది. కాలేజీల్లో ఆడి వచ్చిన కుర్రాళ్ళని జట్లు వరసగా ఎంచుకుంటాయి, మొత్తం ఏడు రౌండ్లు. కిందటేడు అట్టడుగున ఉన్న జట్టుకి మొదటి ఛాన్సు, కప్పు కొట్టిన జట్టుకి ఆఖరి ఛాన్సు. పెట్టుబడిదారుల దేశంలో ఇంత చక్కటి సోషలిజం ఇంకెక్కడా కనిపించదు. ఓడినవాడు బాగుపడాలని పెట్టిన పద్ధతి ఇది. బ్రౌన్స్ దాన్ని ఒక్కొక్క ఏడాదీ ఓపిగ్గా ఓడించుకుంటూ వచ్చింది.

మా తోడల్లుడు ఆ ఊరి శివార్లలో పదిహేనేళ్ళుగా ఉంటున్నాడు. "అన్నయ్యా, మాకు సంక్రాంతి ఏప్రిల్‌లో వస్తుంది" అంటాడు. జనవరిలో ప్లేఆఫ్స్, అంటే కప్పు కోసం ఆడే నాకౌట్ మ్యాచ్‌లు జరుగుతాయి, అప్పటికి వాళ్ళ జట్టు దాదాపు ఎప్పుడూ ఇంటికి వచ్చేసి ఉంటుంది.

దానాల్లో మొదటిది జట్టుకి జట్టే. 1995 సీజన్ అయ్యాక అప్పటి యజమాని ఆర్ట్ మోడెల్ సామానంతా సర్దుకుని బాల్టిమోర్ వెళ్ళిపోయాడు. అక్కడ రేవెన్స్ అని పేరు మార్చుకున్న ఆ జట్టు, 1996 డ్రాఫ్ట్‌లో ఒక్క మొదటి రౌండులోనే జొనాథన్ ఆగ్డెన్‌ని, రే లూయిస్‌ని పట్టేసింది. ఇద్దరూ తర్వాత మేటి ఆటగాళ్ళ జాబితా అయిన హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎక్కారు. ఐదేళ్ళు తిరిగేసరికి లీగ్ ఫైనల్ అయిన సూపర్‌బౌల్ గెలిచింది. క్లీవ్‌లాండ్‌కి పాత పేరు, పాత రంగులు, పాత చరిత్ర వదిలారు. ఆస్తి వాళ్ళకి, ఇంటిపేరు వీళ్ళకి.

1999లో క్లీవ్‌లాండ్‌కి కొత్త జట్టు ఇచ్చారు, మొట్టమొదటి ఎంపిక కూడా ఇచ్చారు. టిమ్ కౌచ్ అనే క్వార్టర్‌బ్యాక్‌ని తీసుకున్నారు. క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి విసిరి జట్టు ఆటని నడిపించేవాడు, పెళ్ళిలో పురోహితుడి లాంటివాడు. ఆయన మంత్రం మర్చిపోతే మిగతావాళ్ళు ఎంత ముస్తాబై ఏం లాభం? వీళ్ళ తర్వాత రెండో ఎంపికగా ఫిలడెల్ఫియాకి, తర్వాత వాళ్ళని సూపర్‌బౌల్ దాకా తీసుకెళ్ళిన డొనొవన్ మెక్‌నాబ్ దొరికాడు. మరుసటి ఏడు ఆరో రౌండులో, 183వ ఎంపికగా, బ్రౌన్స్ స్పర్గన్ విన్ అనే క్వార్టర్‌బ్యాక్‌ని తీసుకుంది. 199వ ఎంపికగా న్యూ ఇంగ్లాండ్‌కి, తర్వాత ఏడు సూపర్‌బౌల్స్ గెలిచిన టామ్ బ్రేడీ దొరికాడు. నిజం చెప్పాలంటే బ్రేడీని అందరూ వదిలేశారు. కాకపోతే మిగతావాళ్ళు చాలామంది చూడక వదిలేశారు, వీళ్ళు క్వార్టర్‌బ్యాక్ కోసమే వెతుకుతూ వదిలేశారు.

కౌచ్ వేసుకున్న 2 నంబర్ జెర్సీ ఒకటి డౌన్‌టౌన్‌లో ఒక అద్దాల కిటికీలో ఏళ్ళ తరబడి వేలాడింది. కౌచ్ పేరు కింద ఒక టేపు ముక్క, దాని మీద తర్వాతి క్వార్టర్‌బ్యాక్ పేరు. అతను పోగానే ఇంకో టేపు ముక్క, ఇంకో పేరు. పనికి వెళ్ళేవాళ్ళు ఆగి చదువుకుని వెళ్ళేవారు. 1999 నుంచి ఇప్పటికి మ్యాచ్ మొదలుపెట్టిన క్వార్టర్‌బ్యాక్‌లు 40 మంది దాటారు. ఇంక జెర్సీ చాలదు, ఆరు గజాల చీర కావాలి.

డ్రాఫ్ట్‌లో తమ ఎంపికల్ని జట్లు ఇచ్చిపుచ్చుకోవచ్చు. అలా వరసలో పక్కకి జరగడం వీళ్ళకి ప్రత్యేక విద్య. 2004లో ఏడో స్థానం నుంచి ఆరో స్థానానికి జరగడానికి డెట్రాయిట్‌కి ఒక రెండో రౌండు ఎంపిక సమర్పించుకుని కెలెన్ విన్స్‌లో అనే ఆటగాణ్ణి తీసుకున్నారు. క్లీవ్‌లాండ్ ఉన్న ఒహాయో రాష్ట్రంలోనే పుట్టి, అక్కడి కాలేజీలోనే ఆడిన క్వార్టర్‌బ్యాక్ బెన్ రాత్లిస్‌బర్గర్ 11వ ఎంపికగా పిట్స్‌బర్గ్‌కి వెళ్ళాడు, వాళ్ళకి రెండు సూపర్‌బౌల్స్ తెచ్చిపెట్టాడు. పిట్స్‌బర్గ్ అంటే క్లీవ్‌లాండ్‌కి గట్టు తగాదా ఉన్న పొరుగు రైతు. 2012లో నాలుగు నుంచి మూడుకి జరగడానికి మిన్నెసోటాకి ఏకంగా మూడు ఎంపికలు ఇచ్చి ట్రెంట్ రిచర్డ్‌సన్‌ని తెచ్చుకున్నారు. మరుసటి ఏడు సెప్టెంబర్‌కల్లా అతన్ని ఇండియనాపొలిస్‌కి అమ్మేశారు. బస్సులో పక్క సీటుకి జరగడానికి మూడు టికెట్లు కొని, తర్వాతి స్టాపులో దిగిపోయినట్టు.

అదే 2012లో 22వ ఎంపికగా బ్రాండన్ వీడెన్ వచ్చాడు. అంతకుముందు వృత్తిగా బేస్‌బాల్ ఆడి మానుకున్నవాడు, సీజన్ మొదలయ్యే సరికి 29 నిండబోతున్నాయి. మొదటి మ్యాచ్‌కి ముందు గడ్డి మీద బ్రహ్మాండమైన జాతీయ జెండా పరుస్తున్నారు. పక్కన వార్మప్ చేసుకుంటున్న వీడెన్ దాని కింద చిక్కుకుపోయాడు. గుడ్డ కింద తల వంచుకుని దారి వెతుక్కుంటున్న కొత్త క్వార్టర్‌బ్యాక్‌ని దేశమంతా చూసింది. బయటపడ్డాక ఆ మ్యాచ్‌లో నాలుగు పాసులు ఎదుటి జట్టు చేతికి విసిరాడు. దానగుణం మేనేజ్‌మెంట్ నుంచి మైదానం దాకా పాకిందన్నమాట.

క్వార్టర్‌బ్యాక్‌ల ఎంపికలో 22 వీళ్ళకి అచ్చొచ్చిన నంబరు. 2007లో బ్రేడీ క్విన్ 22, వీడెన్ 22, 2014లో జానీ మాంజియెల్ కూడా 22. మాంజియెల్ ఎంపికకి ముందు లక్ష డాలర్లు పెట్టి ఒక అధ్యయనం చేయించారని, అది టెడ్డీ బ్రిడ్జ్‌వాటర్ అనే ఇంకో క్వార్టర్‌బ్యాక్ పేరు చెప్పిందని ఈఎస్‌పీఎన్‌లో వచ్చింది. ఊళ్ళో ఎదురైన ఒక నిరాశ్రయుడు మాత్రం మాంజియెల్‌ని తీసుకోమన్నాడని యజమాని జిమ్మీ హాస్లమ్ చెప్పాడట. లక్ష డాలర్ల మాట పక్కనపెట్టి ఉచిత సలహా విన్నారు. పేదవాడి గొంతు ఇంత పైదాకా వెళ్ళడం ఏ దేశంలోనైనా అరుదు. మాంజియెల్ రెండు సీజన్లలో ఎనిమిది మ్యాచ్‌లు మొదలుపెట్టి వెళ్ళిపోయాడు.

2017 అక్టోబర్ 31 ముచ్చట కూడా చెప్పాలి. సిన్సినాటి నుంచి ఏజే మెకారన్ అనే క్వార్టర్‌బ్యాక్‌ని తెచ్చుకోవడానికి రెండు మంచి ఎంపికలు ఇచ్చేస్తామని ఒప్పుకున్నారు. సాయంత్రం నాలుగింటికి గడువు. మన రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకం ఒక చోట, స్టాంపు ఒక చోట ఉండిపోయినట్టు, లీగ్‌కి టైముకి కాగితం అందలేదు. బేరం చచ్చిపోయింది. మెకారన్ తర్వాత ఎక్కడా స్థిరపడలేదు కాబట్టి, ఆ ఏడాది వీళ్ళ ఆఫీసు చేసిన మంచి పనుల్లో ఈ ఆలస్యాన్ని ముందు లెక్కపెట్టాలి.

అసలు మహాదానం ఇంకోటి. 2016లో వీళ్ళ చేతిలో రెండో ఎంపిక ఉంది. దాన్ని ఫిలడెల్ఫియాకి ఇచ్చేశారు, వాళ్ళు క్వార్టర్‌బ్యాక్ కార్సన్ వెంట్జ్‌ని తీసుకున్నారు. 2017 సీజన్‌లో ఫిలడెల్ఫియా సూపర్‌బౌల్ గెలిచింది, అదే సీజన్‌లో బ్రౌన్స్ 16కి 16 ఓడింది. 2018 జనవరిలో గడ్డకట్టే చలిలో అభిమానులు స్టేడియం చుట్టూ సున్నా ఆకారంలో ఊరేగింపు తీశారు. ఆ బేరంలో వచ్చిన 2017 నాటి 12వ ఎంపికని మళ్ళీ హ్యూస్టన్‌కి ఇచ్చారు. హ్యూస్టన్ దానితో డెషాన్ వాట్సన్ అనే క్వార్టర్‌బ్యాక్‌ని తీసుకుంది.

ఐదేళ్ళు గడిచాయి. 2022 మార్చిలో అదే వాట్సన్ కోసం హ్యూస్టన్‌కి మూడేళ్ళ మొదటి రౌండు ఎంపికలు ఇచ్చి, అతనికి 23 కోట్ల డాలర్లు పూర్తి గ్యారంటీతో రాసిచ్చారు. పెయ్యదూడని పొరుగూరికి తోలేసి, పాలు తాగడం వాళ్ళకి వదిలేసి, ఒట్టిపోయాక మూడు ఎకరాలు రాసిచ్చి తెచ్చుకున్నట్టు. అప్పటికే 20 మందికి పైగా మహిళలు అతని మీద లైంగిక దుష్ప్రవర్తన దావాలు వేసి ఉన్నారు, లీగ్ 11 మ్యాచ్‌ల నిషేధం వేసింది. అది నవ్వే విషయం కాదు, తెలిసీ కొన్నారన్నదే నాకు మింగుడుపడనిది. మూడు సీజన్లలో అతను ఆడింది 19 మ్యాచ్‌లు. గురి పెద్దగానే తప్పిందని 2025లో హాస్లమ్ ఒప్పుకున్నాడు. వాట్సన్‌కి చోటు కోసం, కొత్త జట్టుకి మొట్టమొదటి ప్లేఆఫ్ గెలుపు తెచ్చిన క్వార్టర్‌బ్యాక్ బేకర్ మేఫీల్డ్‌ని ఒక ఐదో రౌండు ఎంపికకి, అది కూడా షరతులతో, కారొలైనాకి ఇచ్చేశారు. ఆయన తర్వాత టాంపా బే చేరి హాయిగా ఆడుకుంటున్నాడు. మన దేశంలో అయితే ఇన్ని దానాలకి 80జీ కింద పన్ను మినహాయింపు వచ్చేది.

మరి వీళ్ళు సరైనవాణ్ణి ఎంచుకోలేదా అంటే, ఎంచుకున్నారు. 2007 మూడో ఎంపిక జో థామస్. డ్రాఫ్ట్ రోజు న్యూయార్క్ వెళ్ళకుండా వాళ్ళ నాన్నతో చేపలు పట్టుకోవడానికి పోయాడు. తర్వాత ఒక్కటీ వదలకుండా వరసగా 10,363 స్నాప్స్ (బంతి ఆటలోకి వచ్చే ఒక్కో విడత) ఆడి, 2023లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎక్కాడు. ప్లేఆఫ్ మ్యాచ్ ఒక్కటీ ఆడలేదు. క్వార్టర్‌బ్యాక్‌కి కాపలా కాయడం అతని పని. ఎవరికి కాపలా కాస్తున్నాడో చూసుకునేలోపు వెనక మనిషి మారిపోయేవాడు.

2025 డ్రాఫ్ట్ అయ్యాక మా తోడల్లుడు ఫోన్ చేశాడు. రెండో ఎంపికని జాక్సన్‌విల్‌కి ఇచ్చేశారట, ఒకే డ్రాఫ్ట్‌లో ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లని తీసుకున్నారట. "కానీ 2026 మొదటి రౌండులో మాకు రెండు ఎంపికలున్నాయి అన్నయ్యా" అన్నాడు, గొంతులో ఏప్రిల్ అప్పుడే వచ్చేసింది. పిల్లాడికి కొత్త జెర్సీ కొన్నాడట. వెనక ఎవరి పేరు వేయించావని అడిగాను.

"మా ఇంటిపేరే. వాణ్ణయితే ఎవరికీ ఇచ్చేయరు కదా."