బావి మన ఊళ్లో, జవాబు ఢిల్లీలో

పోయిన సంక్రాంతికి కోనసీమ వెళ్లినప్పుడు మా బాబాయి తోటలో ఒక రాయి చూపించాడు. కొబ్బరి చెట్ల మధ్య గట్టు పక్కన పసుపు రంగు వెలిసిపోయిన పొట్టి సిమెంటు స్తంభం. దాని మీద ప్రమాదం గుర్తు, కంపెనీ పేరు, ఒక ఫోన్ నంబరు. చివరి రెండు అంకెలు వానలకి చెరిగిపోయాయి. "ఈ రాయి నుంచి ఆ రాయి దాకా మనదేరా, కానీ ఒక్క మొక్క నాటడానికి లేదు," అన్నాడు. రెండు రాళ్ల మధ్య తోటని చీల్చినట్టు బారుగా ఖాళీ నేల. దాని కింద గ్యాస్ గొట్టం. అది ఎప్పుడు వేశారో ఆయనకి లీలగా గుర్తుంది. ఆఖరిసారి ఎప్పుడు పరీక్ష చేశారో మాత్రం తెలీదు. అర్ధరాత్రి తేడా వస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలో కూడా తెలీదు.

ఆ ఖాళీ నేల వెనక 1962 నాటి పైపులైన్ల చట్టం ఉంది. దాని ప్రకారం భూమి రైతుదే. కంపెనీ తీసుకునేది 'వాడుకునే హక్కు' ఒక్కటే. దానికిచ్చే పరిహారం, నోటిఫికేషన్ నాటి మార్కెట్ విలువలో 10 శాతం. పంట నష్టం ఉంటే అది వేరు. ఆ తర్వాత ఆ మేర ఇల్లు కట్టకూడదు, నుయ్యి తవ్వకూడదు, చెట్టు పెట్టకూడదు. కొబ్బరే బతుకైన చోట చెట్టు పెట్టకూడదంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఇంత తీసుకున్న చట్టం, ఆ గొట్టం పరిస్థితి ఏమిటో రైతుకి ఏటా చెప్పాలని మాత్రం ఎక్కడా అనలేదు.

ప్రభుత్వ చమురు సంస్థల పారదర్శకత గురించి మాట్లాడేటప్పుడు సాధారణంగా వార్షిక నివేదికలు, కాగ్ (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే సంస్థ) ఆడిట్లు, పార్లమెంటు ప్రశ్నల గురించి చెబుతారు. అవన్నీ అవసరమే. కానీ నాకు ఆ రాయే కొలమానంగా కనిపిస్తుంది. ఓఎన్‌జీసీ లాంటి, చమురు, గ్యాస్ తవ్వితీసే ప్రభుత్వ సంస్థలో సమాచారం పైకి పోతుంది, ఢిల్లీకి పోతుంది, షేర్ మార్కెట్‌కి పోతుంది. గ్యాస్ బావి పక్కన పడుకునే మనిషి దాకా దిగిరాదు. పోనీ పైకి వెళ్లిన చోటైనా ఎవరో ఒకరు బాధ్యత తీసుకుంటున్నారా అంటే, అదీ లేదు.

కోనసీమ వాళ్లకి ఇది పుస్తకాల్లో చదివిన సంగతి కాదు. 1995 జనవరి 8న పాశర్లపూడి 19వ నంబరు బావిలో బ్లోఔట్ జరిగింది, అంటే లోపలి ఒత్తిడికి గ్యాస్ అదుపు తప్పి పైకి తన్నింది. మంట 65 రోజులు మండింది. అమెరికా నుంచి నిపుణులు వచ్చాక మార్చి 15న అదుపులోకి వచ్చింది. ఆ రోజుల్లో రాత్రిళ్లు చీకటే పడలేదని అక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు.

తర్వాత 2014 జూన్ 27, నగరం. మామిడికుదురు మండలంలోని ఆ ఊరు తాటిపాక ఓఎన్‌జీసీ కేంద్రానికి పక్కనే ఉంటుంది. తెల్లవారుజామున ప్రభుత్వ గ్యాస్ రవాణా సంస్థ గెయిల్ గొట్టం పగిలి గ్యాస్ ఊరి మీద కమ్మింది, క్షణాల్లో అంటుకుంది. 20 మందికి పైగా చనిపోయారు. నిద్రలో కాలిపోయినవాళ్లు, పరిగెత్తుతూ కాలిపోయినవాళ్లు. వాళ్లలో పిల్లలు కూడా ఉన్నారు. లీకుల గురించి ముందే చెప్పామని, పట్టించుకోలేదని ఊరివాళ్లు మొత్తుకున్నారు.

ఈ ప్రమాదం దగ్గర కాస్త ఆగాలి. ఆ గ్యాస్ ఓఎన్‌జీసీ బావులది, గొట్టం గెయిల్‌ది, వాడకందారు కొండపల్లి దగ్గరి ప్రైవేటు విద్యుత్ ప్లాంటు. పొడి గ్యాస్ కోసం అనుకున్న లైన్లో నీరు కలిసిన గ్యాస్ పోయిందని, తేమ తీసే యూనిట్ పెట్టనేలేదని, గొట్టం లోపల తుప్పు పట్టిందని విచారణలో తేలింది. తేమ తియ్యాల్సింది అమ్మేవాడా, మోసేవాడా? రెండూ ప్రభుత్వ కంపెనీలే, రెండింటి మీదా ఉన్నది ఒకే పెట్రోలియం మంత్రిత్వ శాఖ. ఒక్క సమావేశంలో తేలాల్సిన విషయం ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయింది. ఆ సంగతి కంపెనీల్లో తెలుసు, ఫైళ్లలో ఉంది. తెలియనిది గొట్టం మీద కాపురం ఉన్న ఊరికే. ఆ తుప్పు గురించి నగరం పంచాయతీకి ముందే ఒక్క కాగితం వచ్చి ఉంటే ఆ ఊరు ఊరుకునేది కాదు, రోడ్డు మీద కూర్చునేది. గొట్టం ఆగేది. పారదర్శకత మనిషి ప్రాణం కాపాడుతుందని నేను నమ్మేది ఇందుకే.

కాలుష్యం సంగతీ అంతే. కోనసీమలో కాలుష్యానికి కారణమైందని 2022లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఓఎన్‌జీసీకి 22.76 కోట్ల రూపాయల పరిహారం విధించింది. పెద్ద మొత్తమే అనిపిస్తుంది. కానీ 2021-22లో ఆ కంపెనీ నికర లాభం 40,306 కోట్లు. లెక్క వేస్తే ఆ జరిమానా దాదాపు ఐదు గంటల లాభం. ఐదు గంటల సంపాదనతో తీరిపోయే తప్పు ఏ కంపెనీనైనా మారుస్తుందా?

ఈ మధ్య కాంట్రాక్టర్ల పొర ఒకటి పెరిగింది. 2020 ఫిబ్రవరిలో కాట్రేనికోన మండలం ఉప్పూడిలో బావి నుంచి గ్యాస్ ఎగదన్నింది. జనాన్ని ఖాళీ చేయించారు. బావి ఓఎన్‌జీసీది, అక్కడ పని చేస్తున్నది ప్రైవేటు సంస్థ. మరుసటి ఏడాది మే నెలలో తౌక్తే తుపానుకి సముద్రంలోని ముంబై హై చమురు క్షేత్రం దగ్గర పీ-305 బార్జి (పనివాళ్లు ఉండే పడవ) మునిగి 70 మందికి పైగా చనిపోయారు. వాళ్లు చేస్తున్నది ఓఎన్‌జీసీ పని, ఉన్నది కాంట్రాక్టరు అద్దెకు తీసుకున్న బార్జి మీద. హెచ్చరిక వచ్చినా ఎందుకు కదల్లేదు? తప్పు కెప్టెన్‌దా, బార్జి యజమానిదా, కాంట్రాక్టరుదా, ఓఎన్‌జీసీదా అని ఒకవైపు వాదన నడుస్తుండగానే, ఇంకోవైపు శవాలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. కొందరు అధికారుల్ని సస్పెండ్ చేశారు. పని అప్పగించినంత మాత్రాన బాధ్యత కూడా అప్పగించినట్టు కాదన్న చిన్న సూత్రం మన దగ్గర ఇంకా గట్టిపడలేదు.

ఇక ఢిల్లీ వైపు చూద్దాం. ఓఎన్‌జీసీలో ప్రభుత్వ వాటా సుమారు 59 శాతం. మిగతాది ఎల్ఐసీ లాంటి సంస్థలది, మామూలు షేర్‌హోల్డర్లది. అంటే ఎల్ఐసీ పాలసీ కట్టే మన ఇంటి డబ్బు కూడా అందులో ఉంది. ఈ సంస్థ పెద్ద నిర్ణయాలు ఎలా జరిగాయో చెప్పడానికి కృష్ణా-గోదావరి బేసిన్‌లోనే ఒక ఉదాహరణ దొరుకుతుంది.

కాకినాడ దగ్గరి సముద్రంలో గుజరాత్ ప్రభుత్వ సంస్థ జీఎస్‌పీసీకి గ్యాస్ వెతికి తీసుకునేందుకు ఒక బ్లాకు, అంటే సముద్రంలో కొంత ప్రాంతం, దక్కింది. 2005 జూన్‌లో అప్పటి గుజరాత్ ముఖ్యమంత్రి నరేంద్ర మోదీ అక్కడ 20 టీసీఎఫ్, అంటే 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల గ్యాస్ ఉందని ప్రకటించారు. తర్వాత ఆమోదం పొందిన క్షేత్ర అభివృద్ధి ప్రణాళికలో లెక్క అందులో పదో వంతుకు పడిపోయింది. జీఎస్‌పీసీ అప్పు 19,000 కోట్లు దాటింది. కాగ్ ఒకటికి నాలుగుసార్లు తప్పుపట్టింది. చివరికి 2017లో ఆ బ్లాకులో 80 శాతం వాటాని ఓఎన్‌జీసీ 7,738 కోట్లకు కొన్నది. పక్కనే తమ బ్లాకు ఉంది కాబట్టి సౌకర్యాలు కలిపి వాడుకోవచ్చని చెప్పింది. ఆ వాదనలో పస ఉండొచ్చు. అయితే ఏ అంచనాల మీద ఆ ధర కట్టారో, ఎంత గ్యాస్ వస్తుందనుకున్నారో, బావి బావికీ లెక్క జనం ముందు పెట్టాల్సింది. అక్కడ ఆశించిన ఉత్పత్తి రాలేదు. ఒక ప్రభుత్వ సంస్థ చేసిన తప్పుని ఇంకో ప్రభుత్వ సంస్థ డబ్బుతో పూడిస్తే ఆ తప్పు ఎవరిదన్న ప్రశ్న కూడా అందులోనే పూడిపోతుంది.

మరుసటి ఏడాది జనవరిలో, పెట్రోలు, వంటగ్యాస్ అమ్మే ప్రభుత్వ కంపెనీ అయిన హెచ్‌పీసీఎల్‌లో ప్రభుత్వానికున్న 51.11 శాతం వాటాని ఓఎన్‌జీసీతో 36,915 కోట్లకు కొనిపించారు. ఆ ఏడాది పెట్టుబడుల ఉపసంహరణ (ప్రభుత్వ వాటాల అమ్మకం) లక్ష్యం దాటడానికి ఆ డబ్బు పనికొచ్చింది. అప్పులంటే తెలియని ఓఎన్‌జీసీ దాని కోసం వేల కోట్ల రుణం తెచ్చుకుంది. అంతకుముందు దశాబ్దంలో డీజిల్, వంటగ్యాస్ సబ్సిడీ భారంలో పెద్ద వాటా కూడా దాని మీదే వేశారు. 2013-14లో ఒక్క ఏడాదే 56,384 కోట్లు. సబ్సిడీ తప్పని నేను అనడం లేదు. పేదింటి గ్యాస్ బండకి డబ్బు పెట్టాల్సిందే. కానీ అది బడ్జెట్‌లో, అందరికీ కనిపించేలా పెట్టాలి. చమురు కంపెనీ లెక్కల్లో కలిపేస్తే పార్లమెంటు ఓటు లేకుండానే ఖర్చయిపోతుంది. ఆ డబ్బుతో మార్చాల్సిన పాత గొట్టాలు మిగిలిపోతే ఆ నష్టం ఏ పద్దులోనూ కనిపించదు.

ఓఎన్‌జీసీ ఇంజినీర్ల మీద నాకు గౌరవముంది. సముద్రం నడిమధ్య, రిగ్గు మీద రెండు వారాలు కుటుంబానికి దూరంగా పనిచేసేవాళ్లు నా స్నేహితుల్లోనే ఉన్నారు. కాకినాడ తీరానికి ఎదురుగా లోతు సముద్రపు బ్లాకులో 2024 జనవరిలో తొలి చమురు తీసినప్పుడు వాళ్ల ఆనందం చూశాను. చెప్పిన గడువు కంటే ఏళ్లు ఆలస్యమైనా అది చిన్న పనేం కాదు. వాళ్లు అడిగేది కూడా ఇదే: నిర్ణయం పైన జరుగుతుంది, మాట పడేది మేం. 2021 ఏప్రిల్ నుంచి 2022 డిసెంబరు దాకా, ఇరవై నెలలు, 'మహారత్న' హోదా ఉన్న ఆ పెద్ద ప్రభుత్వ కంపెనీకి పూర్తికాలపు ఛైర్మన్ లేరు. ముగ్గురు తాత్కాలికంగా నెట్టుకొచ్చారు.

బోర్డులో స్వతంత్ర డైరెక్టర్ల (కంపెనీతో సంబంధం లేని బయటి సభ్యుల) కుర్చీలు ఖాళీగా ఉంటున్నాయని 2023 నుంచి స్టాక్ ఎక్స్ఛేంజీలు ఓఎన్‌జీసీ, ఇండియన్ ఆయిల్, గెయిల్ లాంటి ప్రభుత్వ సంస్థలకు పదేపదే జరిమానా వేశాయి. రోజుకి 5,000 రూపాయల చొప్పున. కంపెనీల జవాబు ప్రతిసారీ ఒక్కటే: డైరెక్టర్లని వేసేది ప్రభుత్వం, మా చేతిలో లేదు. అది నిజమే. నియమించనిది మంత్రిత్వ శాఖ, జరిమానా కట్టేది కంపెనీ, ఆ డబ్బు షేర్‌హోల్డర్లది. జీఎస్‌పీసీ కొనుగోలు లాంటిది బోర్డు ముందుకు వచ్చినప్పుడు 'ఈ ధర ఎందుకు?' అని అడగాల్సిన మనుషులు ఆ స్వతంత్ర డైరెక్టర్లే కదా.

డబ్బు ఎటు పోతోందన్నది కూడా మన వాళ్లు గట్టిగా అడగాలి. బొగ్గు, ఇనుము, సున్నపురాయి తవ్వే జిల్లాల్లో 2015 నుంచి జిల్లా ఖనిజ నిధి ఉంది. సింగరేణి ప్రాంతంలో ఆ నిధుల గురించి కలెక్టర్‌ని నిలదీయొచ్చు. చమురు, గ్యాస్ ఆ చట్టం కిందకి రావు, కాబట్టి కోనసీమకి అలాంటి నిధి లేదు. నేల మీద తీసే చమురు, గ్యాస్ రాయల్టీ రాష్ట్రానికి వస్తుంది. సముద్రంలో తీసేదాని రాయల్టీ మొత్తం కేంద్రానిదే, అది మన ఓడలరేవు దగ్గర ఒడ్డెక్కినా సరే. మిగిలింది సీఎస్‌ఆర్, అంటే కంపెనీలు లాభంలో కొంత సామాజిక పనులకి పెట్టే ఖర్చు. గుజరాత్‌లో పటేల్ విగ్రహానికి ఐదు ప్రభుత్వ చమురు కంపెనీలు 146.83 కోట్లు ఇస్తే, అందులో ఓఎన్‌జీసీ వాటా 50 కోట్లు. అది సీఎస్‌ఆర్ ఖర్చు కిందకి రాదని 2018లో కాగ్ రాసింది. ఆ 50 కోట్లతో తాటిపాక చుట్టుపక్కల ఒక మంచి బర్న్స్ వార్డు ఉండేది. నగరం బాధితుల్ని ఆ రోజు కాకినాడ, అమలాపురం ఆస్పత్రులకి మోసుకెళ్లారు.

ఇదంతా మార్చలేనిదేం కాదు. నార్వేలో ఏ క్షేత్రం నెలకి ఎంత చమురు తీసిందో, ఏ బావి ఎప్పుడు తవ్వారో ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. అక్కడి ప్రధాన చమురు కంపెనీ కూడా ప్రభుత్వానిదే. మన చట్టంలోనూ దారి ఉంది. సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్, అడగకముందే సమాచారం చెప్పమంటుంది, స్థానిక భాషని దృష్టిలో పెట్టుకుని చెప్పమంటుంది. ఏ గ్రామం కింద ఏ గొట్టం, వయసు ఎంత, ఆఖరి పరీక్ష ఎప్పుడు, తప్పు ఏం దొరికింది, ఏం బాగుచేశారు అన్నది తెలుగులో పంచాయతీ ఆఫీసు గోడ మీద పెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు. వాణిజ్య రహస్యం అంటారేమో. ధరల చర్చల్లో రహస్యం ఉండొచ్చు. తుప్పులో ఏం రహస్యం ఉంది?

పండగ మర్నాడు బాబాయి, నేను ఆ రాయి దగ్గర కూర్చుని ఒక దరఖాస్తు రాశాం. నాలుగే ప్రశ్నలు. ఈ గొట్టం ఏ సంవత్సరంలో వేశారు? దీనికి ఎన్నేళ్ల ఆయుష్షు అనుకున్నారు? లోపలి తుప్పుని ఆఖరిసారి ఎప్పుడు పరీక్షించారు, ఫలితం ఏమిటి? రాత్రి రెండు గంటలకి ఫోన్ చేస్తే ఎత్తే మనిషి నంబరు ఏది? కింద ఆయన సర్వే నంబరు వేసి, పది రూపాయల పోస్టల్ ఆర్డర్ జత చేశాం. తెలుగులోనే రాశాం. జవాబు కూడా తెలుగులోనే కావాలని చివర ఇంకో వాక్యం ఆయనే రాయించాడు.