‘సొంత చాట్ సర్వరా? ఎవరొస్తారు!’ అనేవాళ్ళకు

“సొంత సర్వర్‌లో చాట్ నడపడం కంప్యూటర్ పిచ్చోళ్ళ సరదా. ఇంట్లోవాళ్ళు రారు, సర్వర్ పడితే దిక్కులేదు. వాట్సాప్‌లో ఎన్‌క్రిప్షన్ ఉండనే ఉంది కదా!” ఈ మధ్య ఈ మాట తెగ తిరుగుతోంది.

ఎన్‌క్రిప్షన్ ఉంది, 2016 నుంచీ పూర్తిస్థాయిలో ఉంది. అయితే అది దాచేది మాటల్ని. ఎవరు ఎవరికి, ఎప్పుడు పంపారన్నది సర్వర్ (మెసేజ్‌లు చేరవేసే కంప్యూటర్) నడిపేవాళ్ళ కంటపడుతుంది. సొంత సర్వర్‌లోనూ అంతే, కాకపోతే అక్కడ చూడగలిగేది మీరు. (మీ తమ్ముడు అర్ధరాత్రి ఎవరితో మాట్లాడుతున్నాడో మీకు తెలియక్కర్లేదు. సర్వర్ రాసుకునే ఆ చిట్టాల్ని (లాగ్‌లు) ఎప్పటికప్పుడు చెరిపేయండి.)

పిచ్చోళ్ళ సరదానా? వాట్సాప్ సర్వర్ మొదలైందే ఈజాబర్‌డీ అనే ఎక్స్‌ఎంపీపీ సర్వర్ మీద. (ఎక్స్‌ఎంపీపీ అంటే ఎవరైనా సొంతంగా నడుపుకోగల చాట్ పద్ధతి.) ఫ్రాన్స్ ప్రభుత్వం 2019లో తన ఉద్యోగులకిచ్చిన ‘చాప్’ యాప్, అలాంటిదే మరో పద్ధతైన మ్యాట్రిక్స్ మీద నడుస్తుంది.

ఇక “ఎవరూ రారు” అన్నది. ఇందులో సగం నిజం, నేను పడ్డాను. నా సర్వర్ పెట్టాక మొదట అందర్నీ పాత యాప్ తీసేయమన్నాను. ఒక్కరూ కదల్లేదు. తర్వాత “అది ఉంచుకోండి, నాతో మాట్లాడ్డానికి మాత్రం ఇది” అన్నాను. నలుగురొచ్చారు. అమ్మ ఫోన్‌లో కాన్వర్సేషన్స్ అనే ఎక్స్‌ఎంపీపీ యాప్ పెట్టాను. యాప్ తెరిస్తేగానీ మెసేజ్ వచ్చినట్టు తెలిసేది కాదు. తప్పు సర్వర్‌ది అనుకుని రెండు రోజులు దాన్నే కెలికాను. తీరా చూస్తే ఫోనే బ్యాటరీ పొదుపు పేరుతో యాప్‌ని నిద్రపుచ్చుతోంది. ఆ ఒక్క సెట్టింగ్ మార్చాక గోల లేదు. ఫోన్ మార్చినప్పుడు మళ్ళీ “పాత మెసేజ్‌లన్నీ ఏవిరా?” అంది. ఆ యాప్ వాడే ఎన్‌క్రిప్షన్ ఓమెమోలో పాతవి కొత్త ఫోన్‌లో తెరుచుకోవు, బ్యాకప్ తీయడం నేనే మరిచాను. ఆ తిట్లు నాకు న్యాయమే.

అన్నట్టు, అందరూ నా సర్వర్‌లోనే ఉండాలన్న రూలేమీ లేదు. ఈమెయిల్‌లాగే వేరే సర్వర్‌లో ఖాతా ఉన్నవాళ్ళతోనూ మాట్లాడొచ్చు.

సర్వర్ పడటమా? 2021 అక్టోబర్ 4న వాట్సాప్ దాదాపు 6 గంటలు ఆగింది. నాదీ ఆగుతుంది. దాన్ని లేపేది నేనే, ఆ చాకిరీ తప్పదు. కానీ డొమైన్ (చిరునామాలో @ తర్వాతి పేరు) నాది కాబట్టి రేపు సర్వర్ మార్చినా చిరునామాలు మారవు. గూగుల్ పాత చాట్, గూగుల్ టాక్‌లో మాత్రం పగ్గాలు గూగుల్ చేతిలోనే ఉండేవి. అది మొదట్లో బయటి సర్వర్లతో మాట్లాడేది. దాని స్థానంలో 2013లో వచ్చిన హ్యాంగౌట్స్ ఆ తలుపు మూసేసింది.

అక్క మాత్రం ఇప్పటికీ రాలేదు. ఆమెకు ఎస్సెమ్మెస్సే పెడుతున్నా.