మద్దెల లేని మైదానం

‘ఆడలేక మద్దెల ఓడు’ అనే సామెతను మనవాళ్లు తరతరాలుగా తప్పుగా వాడుతున్నారని నా గట్టి నమ్మకం. ఎవణ్ణో ఎగతాళి చేయడానికి పుట్టిన మాట కాదది. ఆడేవాడికి ఉండాల్సిన కనీస వసతి గురించి పెద్దలు చెప్పిన మాట. పక్కన ఒక మద్దెల ఉండాలి. అది ఓటిదైతే మరీ మంచిది. మద్దెలన్నదే లేని చోట మనిషిని నిలబెట్టి ఆడమంటే దాన్ని ఆట అనరు, విచారణ అంటారు.

ఈ ఎరుక నాకు అమెరికాలో షార్లెట్ దగ్గర ఒక పార్కులో, చెరువు గట్టు మీద, నా ఐదో డిస్క్ మునిగిపోతుండగా కలిగింది.

డిస్క్ గోల్ఫ్ చూడనివాళ్లకు రెండు ముక్కలు. బంతీ కర్రా ఉండవు, ప్లాస్టిక్ పళ్లెం విసరాలి. గుంట ఉండదు, గొలుసులు వేలాడే ఇనప బుట్ట ఉంటుంది. ఎవరు తక్కువ విసుర్లలో బుట్టలో వేస్తే వాళ్లు గెలిచినట్టు. అమెరికాలో చాలా పార్కుల్లో దీనికి టికెట్ లేదు. ఉచితం అని తెలిశాక మా కాలనీలో నలుగురు తెలుగువాళ్లం ఆగలేకపోయాం.

ఈ ఆట ఆడే మైదానాన్ని కోర్సు అంటారు. మొదటి ఏడాదంతా చెట్ల మధ్య ఉండే అడవి కోర్సులో ఆడాం. అవి బంగారు రోజులు. డిస్క్ చెయ్యి వదిలిన రెండో సెకనులో ‘ఠక్’ మనేది. నలుగురం ఒక్కసారే “అయ్యో, చెట్టు!” అనేవాళ్లం. ఆ చెట్టే లేకపోతే నేరుగా బుట్టలో పడేదని మిగతా ముగ్గురూ ఒప్పుకునేవారు. వాళ్ల వంతు వచ్చినప్పుడు నేనూ ఒప్పుకునేవాణ్ణి. మూడింట్లో అయిపోవాల్సింది ఎనిమిది పట్టినా, పరువుతో ఇంటికెళ్లేవాళ్లం. పైన్ చెట్లు ఎంత తిట్టినా పడతాయి.

ఒకనాడు మా కాకినాడ మిత్రుడు “ఎప్పుడూ ఈ పొదల్లో ఏంటి మాస్టారూ, కాస్త ఓపెన్‌గా ఉండే కోర్సుకి పోదాం” అన్నాడు. పోయాం.

అక్కడి పన్నెండో హోల్ గురించి చెప్తాను. గుంట లేకపోయినా ఒక్కో బుట్ట వంతునీ హోల్ అనే అంటారు. టీ, అంటే మొదటి విసురు విసిరే చోటు, దగ్గర్నుంచి బుట్ట దాకా ఆరువందల అడుగుల పైమాటే. ఎడమవైపు పొడుగునా చెరువు. కుడివైపు గడ్డి. మధ్యలో చెట్టు లేదు, స్తంభం లేదు, చివరికి ఒక బెంచీ కూడా లేదు. బుట్ట మాత్రం అంత దూరాన్నుంచీ స్పష్టంగా కనబడుతుంది. అదొక అవమానం.

విసిరాను. బాగా వెళ్లింది. నిజంగా బాగా వెళ్లింది, సాక్షులున్నారు. కుడిచేతివాటం వాడు మామూలుగా విసిరితే డిస్క్ గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతుంది. వేగం తగ్గాక ఎడమకి ఒరుగుతుంది. అది దాని జన్మహక్కు. చెరువు కూడా ఎడమవైపే ఉండటం కాకతాళీయం అంటే నేను నమ్మను. డిస్క్ నీటి మీద బల్లపరుపుగా వాలి, రెండు గెంతులు గెంతి, పెనం మీద అట్టులా ఒక్క క్షణం కదలకుండా నిలబడింది. తర్వాత ఒక అంచు పైకి లేచింది. దాని అడుగున మార్కర్‌తో రాసుకున్న నా ఫోన్ నంబరు చివరి మూడంకెలు కనిపించాయి. అంతే.

నలుగురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. “అయ్యో” దాకా నలుగురికీ వచ్చింది. ఆ తర్వాత ఏమనాలో ఎవరికీ తోచలేదు.

తెలుగువాడు అంత తేలిగ్గా ఓడిపోడు కనుక వెతుకులాట మొదలైంది. మొదట నెపం గాలి మీద పెట్టాం. ఇందులో కొంత శాస్త్రం కూడా ఉంది. ఎదురుగాలిలో మా విసురు కుడికి మళ్లుతుంది, వెనకగాలిలో త్వరగా ఎడమకి దిగిపోతుంది. కాబట్టి ఎటు పడినా గాలి ఉంది. కానీ ఒక ఆదివారం ఆకు కూడా కదల్లేదు, డిస్క్ మాత్రం చెరువులోకే వెళ్లింది. అప్పుడు డిస్క్ మీద పెట్టాం. ప్రతి డిస్క్ మీదా వేగం, తేలడం, మళ్లడం, ఒరగడం అంటూ మామూలుగా నాలుగు అంకెలుంటాయి, జాతకంలాగా. నా డిస్క్ జాతకం బాలేదని తేల్చుకుని కొత్తవి కొన్నాను. ఒక్కోటి పదిహేను, ఇరవై డాలర్లు. వాటిని రూపాయల్లోకి మార్చి చూసుకునే జబ్బు నాకింకా పోలేదు. అందుకని చెరువు దగ్గర మాత్రం పాతవే విసురుతాను, కొత్తవి సంచిలోనే ఉంటాయి. “పళ్లాలు నీళ్లలో పారేయడానికి గంటసేపు డ్రైవింగ్ ఎందుకండీ, మన సింకులో వేస్తే నేనే కడుక్కుంటాగా” అంటుంది మా ఆవిడ.

చివరికి కాకినాడ మిత్రుడు ఫోన్‌లో దిక్సూచి తీశాడు. చెరువు నైరుతిలో ఉంది. నైరుతిలో నీళ్లా! వారం రోజులు మనశ్శాంతిగా నిద్రపోయాం.

అసలు ఆరితేరినవాళ్లు ఇలాంటప్పుడు ఏమంటారో వినాలని సౌత్ కరొలైనాలోని రాక్ హిల్‌కి వెళ్లాను. మాకు పక్క ఊరే. విన్‌త్రాప్ యూనివర్సిటీ మైదానంలో 1999లో యునైటెడ్ స్టేట్స్ డిస్క్ గోల్ఫ్ ఛాంపియన్‌షిప్ మొదలైంది. అక్కడా చెరువుంది. అది చాలదన్నట్టు పోటీ రోజుల్లో గడ్డి మీద తాళ్లు పరుస్తారు. తాడుకి ఇవతలా గడ్డే, అవతలా గడ్డే. అవతలి గడ్డిలో పడితే ఒక విసురు జరిమానా. మా ఊళ్లో పొలం గట్టు జానెడు జరిగిందని రెండు కుటుంబాలు ఇరవై ఏళ్లు మాట్లాడుకోలేదు. ఇక్కడ డబ్బిచ్చి మరీ చూస్తున్నారు. పదిహేడో హోల్ ఇంకా ఘోరం. రెండొందల యాభై అడుగులు కూడా ఉండదు, బుట్ట చుట్టూ ఎండుగడ్డి మోపులు పేర్చి దాన్నొక దీవి చేస్తారు. పశువులు తినే గడ్డి సంసారాలు కూల్చడం నేనక్కడే చూశాను.

ఒక ఆటగాడి డిస్క్ నా కళ్ల ముందే నీళ్లలో పడింది. నేను చెవులు రిక్కించాను. ఆయన ఆకాశం వైపు చూడలేదు. డిస్క్‌ని ఏమీ అనలేదు. దిక్కులు లెక్కపెట్టలేదు. సంచిలోంచి ఇంకోటి తీసుకుని, జరిమానా కలుపుకుని, ముందుకెళ్లిపోయాడు. నాకు చాలా జాలేసింది. పాపం, ఇంట్లో ఎవరూ ఏమీ నేర్పలేదు.

ఈ ఆటకి ఆద్యుడు ఎడ్ హెడ్రిక్ మాత్రం నాకు నచ్చాడు. గొలుసుల బుట్ట ఆయన చలవే. 2002లో ఆయన పోయాక, ఆయన కోరిక ప్రకారమే చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి డిస్కులు చేశారు. మనం భస్మాన్ని గోదారిలో కలుపుతాం, ఆయన డిస్క్‌లో కలిపించుకున్నాడు. వాటిలో ఒకటి మాలాంటివాళ్ల చేతికి వస్తే నిమజ్జనం కూడా పూర్తవుతుంది.

మొన్న వేసవిలో ఒక ఫోన్ వచ్చింది. ఎవరో కుర్రాడు చెరువులో దిగి డిస్కులు ఏరాడట. నా నంబరున్నవి ఏడు దొరికాయట, అన్నీ ఒకే చోట. ఒక చాపంత జాగాలో ఉన్నాయని చెప్పి నవ్వాడు. వాడు నవ్వినందుకు బాధపడలేదు గానీ, ఆ రాత్రి ఆలోచించాను. గురి లేనివాడికి ఏడుసార్లు ఒకే చాప మీద పడతాయా? నాకు గురి ఉంది. చాపే ఉండకూడని చోట ఉంది.

అందుకని పార్కువాళ్లకు ఒక విన్నపం రాశాను. చెరువు పూడ్చమని అడగలేదు, నేను అంత మూర్ఖుణ్ణి కాదు. ఆటగాళ్ల మానసిక ఆరోగ్యం దృష్ట్యా పన్నెండో హోల్‌లో టీకి యాభై అడుగుల దూరంలో, సరిగ్గా దారి మధ్యలో, ఒక చెట్టు నాటించమన్నాను. ఏ జాతైనా పర్లేదు, మాను లావుగా ఉంటే చాలన్నాను. కావాలంటే ఖర్చు నలుగురం చందా వేసుకుంటామన్నాను. ‘మీ సూచనకు ధన్యవాదాలు’ అని ఒక్క వాక్యం జవాబొచ్చింది.

కానీ నవంబరులో వెళ్లేసరికి గట్టు మీద మొక్కలు నాటి ఉన్నాయి. గట్టు కోసుకుపోకుండా నాటారని అక్కడి బోర్డు చెప్తోంది. నా విన్నపం గురించి బయటికి చెప్పుకోలేరుగా! నాలుగు మొక్కలు, ఒక్కోటి మోకాలెత్తు, పడిపోకుండా పక్కన పుల్లలు కట్టారు. నలుగురం వాటి చుట్టూ నిలబడి కాసేపు చూశాం. తర్వాత వెళ్లి విసిరాను. డిస్క్ మొక్కల మీదుగా, ఒక్క ఆకైనా కదపకుండా, చాప మీదికి వెళ్లింది.

“ఇంకా చిన్నది కదా మాస్టారూ” అన్నాడు కాకినాడ మిత్రుడు, మొక్క మొదట్లో తన సీసాలోని నీళ్లు పోస్తూ.