చెయ్యి మాట నమ్మకండి, కాగితం తెమ్మనండి

కుర్చీ వీపు మీదుగా చెయ్యి వేలాడేసుకుని ఒళ్లు తెలియకుండా నిద్రపోయిన మనిషి పొద్దున లేచి చూసుకుంటే మణికట్టు పైకి లేవదు. వేళ్లు ముడుచుకుంటాయి గానీ తెరుచుకోవు. భుజానికీ మోచేతికీ మధ్య ఎముకను చుట్టుకుని వెళ్లే రేడియల్ నరం రాత్రంతా నలిగిందని ఆ చెయ్యే చెబుతోంది. అయితే నాగరిక సమాజంలో చెయ్యి ఇచ్చే వాంగ్మూలం చెల్లదు. రిపోర్టు కావాలి. నల్లటి ఫిల్ము కూడా ఉంటే మరీ మంచిది, కిటికీ వెలుగుకు ఎత్తిపట్టి బంధువులంతా గంభీరంగా తలలూపొచ్చు.

కాబట్టి ముందు మెడకు ఎమ్మారై. మెడ నొప్పే లేదు కదా అని అడగడం మర్యాద కాదు. ఎమ్మారై ఎవరినీ ఉత్త చేతులతో పంపదు. నడివయసు దాటిన మెడల్లో, ఏ బాధా లేనివాళ్లకు కూడా, ఒకటో రెండో డిస్కులు ఉబ్బి కనిపించడం మామూలే. ‘సీ5–సీ6 దగ్గర డిస్క్ బల్జ్’ అని, అంటే మెడలో అయిదో ఆరో పూసల మధ్య డిస్కు ఉబ్బిందని వస్తుంది. నలిగింది దండచేతిలో, నిందితుడు దొరికింది మెడలో. కేసు మూసేయొచ్చు.

ఇంతలో నరాల డాక్టరు యంత్రమేదీ లేకుండా చేతినే పట్టుకుని చూస్తానంటాడు. పాతకాలం మనిషి. మోచెయ్యి చాచి నన్ను తోయండి అంటాడు. ఆ బలం నిక్షేపంగా ఉంటే మెడ దాదాపు నిర్దోషి. మెడలో ఏడో నరం మూలం దెబ్బతింటే మోచేతిని చాచే ట్రైసెప్స్ కండ కూడా డీలా పడాలి. దండచేతి మధ్యలో నలిగితే ట్రైసెప్స్‌కు వెళ్లే కొమ్మలు అంతకు ముందే విడిపోయి ఉంటాయి, అందుకే అది చెక్కుచెదరదు. బలానికి 0 నుంచి 5 వరకు మార్కులు వేస్తారు. తన సొంత బరువుకు ఎదురు లేస్తే 3, లేచి కూడా నొక్కితే లొంగిపోతే 4. ఇక్కడే ఒక తిరకాసు. మణికట్టు వేలాడుతున్నప్పుడు పిడికిలి బిగించమన్నా, వేళ్లు పక్కకు చాచమన్నా బలం తక్కువే కనిపిస్తుంది. తొందరపడితే పాపం చేతిలోని మిగతా రెండు పెద్ద నరాలు, అల్నార్‌నీ మీడియన్‌నీ కూడా బోనెక్కిస్తారు. వేళ్లకైతే అరచేతిని బల్ల మీద చదునుగా ఆనించి, పిడికిలికైతే మణికట్టును పైకి ఎత్తిపట్టి మళ్లీ చూస్తే ఆ రెండూ విడుదల. అయిదు నిమిషాల పని, పైసా ఖర్చు లేదు. అందుకే దాని మీద ఎవరికీ గౌరవం లేదు.

గౌరవమంతా నరాల పరీక్షదే. మొదటి సగంలో నరం మీద చిన్న చిన్న షాకులిచ్చి సంకేతం ఎంత వేగంగా పోతోందో కొలుస్తారు. చేతిలో సెకనుకు సుమారు 50 మీటర్లు, ఆ పైన ఉంటే బాగున్నట్టే. కానీ చర్మం 32 డిగ్రీల కన్నా చల్లబడితే ఒక్కో డిగ్రీకీ రెండేసి మీటర్ల దాకా వేగం పడిపోతుంది. ఏసీ గదిలో గంటసేపు వంతు కోసం కూర్చున్న ఆరోగ్యవంతుడి చెయ్యి కూడా కాగితం మీద రోగిష్టిది కాగలదు. ముందు వేడి కాపడం పెట్టమని అడగండి. లోషన్ దట్టించుకుని వెళ్తే ఎలక్ట్రోడు సరిగ్గా అతకదు.

రెండో సగం సూది. సన్నటి సూదిని కండలోకి దించి, ‘ఒళ్లు వదులు చెయ్యండి’ అంటారు. సూది గుచ్చి వదులు చెయ్యమనడంలోని హాస్యం ఆ గదిలో ఎవరికీ తట్టదు. ఈ సూదిలోంచి కరెంటు రాదు, అది వినడానికే. వదులుగా ఉన్న మంచి కండ మౌనంగా ఉంటుంది. నరం తెగిన కండ మాత్రం స్పీకరులో రేకుల కప్పు మీద వాన పడ్డట్టు టపటపలాడుతుంది. రక్తం పలచబడే మందులు వాడుతుంటే సూదికి ముందే చెప్పాలి, తర్వాత కాదు.

అయితే ఆ వాన మొదలవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. నరం లోపలి తీగ తెగినా, తెగిన చోటికి కింది ముక్క కొన్నాళ్లపాటు ఏమీ ఎరగనట్టు సంకేతాలు మోస్తూనే ఉంటుంది. మూడో రోజున పరుగెత్తినవాడికి సూది దగ్గర ‘నార్మల్’ అని రాసిచ్చినా ఇవ్వొచ్చు. ఇంటిల్లిపాదీ అతని వంక చూసే చూపు మారిపోతుంది.

(చేతితోపాటు మూతి వంకరపోయినా, మాట ముద్దగా వచ్చినా ఈ వ్యాసం అక్కడే పడేసి ఎమర్జెన్సీకి వెళ్లండి. అది చేతి నరం గొడవ కాదు.)

వైద్యం చూస్తే నీరసం వస్తుంది. మణికట్టును కాస్త పైకి ఎత్తి ఉంచే స్ప్లింటు, కీళ్లు బిగుసుకోకుండా రెండో చేత్తో రోజుకు నాలుగైదు సార్లు కదపడం. అంతే. గాబాపెంటిన్ లాంటివి నరాల మంటకు, బలానికి కాదు. బీ12 తక్కువున్నవాడికి బీ12 అవసరం; సరిపడా ఉన్నవాడి వేలాడే మణికట్టును అది లేపదు. నరం పైపొర మాత్రమే నలిగితే వారాల్లోనో రెండు మూడు నెలల్లోనో దానంతటదే కోలుకుంటుంది. లోపలి తీగ తెగితే రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరగాలి, అంటే పది సెంటీమీటర్లకు వంద రోజులు. నత్తనడక అని తిట్టే ముందు, తల వెంట్రుక పెరిగేది అందులో మూడో వంతేనని గమనించాలి. మూడు నాలుగు నెలలైనా ఉలుకూ పలుకూ లేకపోతే మళ్లీ పరీక్ష చేయించి సర్జన్‌ను కలవాలి, ఎందుకంటే నరం అందని కండ ఏడాది, ఏడాదిన్నర దాటితే ఇక దారికి రాదు.

చాలామందికి అంతదూరం రాదు. ఏదో ఒక పొద్దున మణికట్టు అంగుళం లేస్తుంది. అంతకుముందు వారం ఏ మాత్ర మొదలుపెట్టి ఉంటే, ఘనతంతా ఆ మాత్రది.